బోథ్ మీదుగా పోయే విమానం

ఢిల్లీ నుంచి వచ్చే విమానానికి బోథ్ దాటాక శంషాబాద్ అరగంట. అదే విమానం కింద పత్తిచేలో నిలబడ్డ మనిషికి ఆరు గంటలు. ఆకాశంలో దూరం ఒకటి, నేల మీద దూరం ఇంకొకటి. ఈ రెండింటి మధ్య ఇరుక్కున్న ఉత్తర తెలంగాణ కథ ఇది.

పత్తి ఏరే రోజుల్లో తల పైకెత్తి చూసే తీరిక ఎవరికీ ఉండదు. చప్పుడు మాత్రం చెవిన పడుతుంది. ఆదిలాబాద్ జిల్లా బోథ్ శివారులో ఒడి నిండా పత్తి కట్టుకుని నిలబడ్డ పెద్దాయన ఒకరు, పైకి చూడకుండానే చెప్పారు.

“గది ఢిల్లీది సారూ. పొద్దుగాల ఒకటి వోతది, బువ్వ తినే యాళ్లకు ఇంకోటి.”

“ఏడ దిగుతదో ఎరుకేనా కాకా?”

“పట్నంల. మనం ఈడికెల్లి బస్సెక్కి గాడికి వోయేసరికి, గది మల్ల ఢిల్లీకి వోయి కూసుంటది.”

మాటవరసకు అన్నారనుకున్నాను. ఇంటికొచ్చి లెక్క వేస్తే అక్షరాలా నిజమే. బోథ్ మీదుగా పోయిన విమానం అరగంటలో శంషాబాద్‌లో వాలుతుంది. ముప్పావుగంట ఆగి జనాన్ని మార్చుకుంటుంది. రెండుంబావు గంటల్లో మళ్లీ ఢిల్లీ. మొత్తం మూడున్నర గంటలు. అప్పటికి మన బస్సు ఇంకా ఆర్మూర్, కామారెడ్డి నడుమ ఎక్కడో ఉంటుంది.

అట్లాస్ ఉన్న ఇంట్లో ఎవరైనా ఈ కొలత కొలవొచ్చు. ఢిల్లీ విమానాశ్రయం నుంచి శంషాబాద్‌కు స్కేలు పెట్టి గీత గీయండి. ఆ గీత బోథ్‌కు పడమరగా, పదిహేను కిలోమీటర్లు కూడా ఎడం లేకుండా, కిన్వట్ అడవుల అంచు నుంచి కిందికి దిగుతుంది. గాలిని బట్టీ, రద్దీని బట్టీ విమానాలు కాస్త అటూ ఇటూ జరుగుతుంటాయి గానీ, ఆ పెద్దాయన చెవి పొరపాటు పడలేదు.

ఇంకో సులువు కూడా ఉంది. బోథ్, శంషాబాద్ రెండూ దాదాపు ఒకే రేఖాంశం మీద ఉన్నాయి. అంటే ఒకదాని నెత్తిన ఒకటి. అలాంటప్పుడు దూరం తెలుసుకోవడానికి త్రికోణమితి అక్కర్లేదు, అక్షాంశాల తేడా తీస్తే చాలు. బోథ్ 19 డిగ్రీల 20 నిమిషాలు, శంషాబాద్ 17 డిగ్రీల 14 నిమిషాలు. తేడా 126 నిమిషాలు. అక్షాంశంలో ఒక నిమిషం అంటే ఒక నాటికల్ మైలు, అంటే 1.852 కిలోమీటర్లు. గుణిస్తే 233 కిలోమీటర్లు. ఆదిలాబాద్ పట్నం ఇంకో 20 నిమిషాలు పైన ఉంది కాబట్టి 270.

పైలట్లకు నోటి లెక్క ఒకటుంది. వెయ్యి అడుగులు దిగాలంటే మూడు నాటికల్ మైళ్లు కావాలి. 36 వేల అడుగుల్లో వస్తున్న విమానం 108 మైళ్ల ముందే దిగడం మొదలుపెట్టాలి. వేగం తగ్గించుకోవడానికి ఇంకో పది కలుపుకోండి. బోథ్ ఉన్నది 126 మైళ్ల దగ్గర. అంటే సరిగ్గా బోథ్ దాటీ దాటగానే విమానం ముక్కు కొద్దిగా కిందికి వంగుతుంది. లోపల కూర్చున్నవాళ్లకు బెల్టులు పెట్టుకోమన్న మాట ఇంకాసేపట్లో వినిపిస్తుంది. చెవుల్లో గాలి బిగుస్తుంది. పిల్లలు ఏడుస్తారు. కింద పత్తి ఏరుతున్నవాళ్ల సంగతి వాళ్లకు తెలిసే వీలు లేదు.

ఎగరని దారి

ఉత్తర తెలంగాణలో విమానం దిగడానికి చోటే లేదా అంటే, ఉంది. ఒకటి కాదు, వరంగల్ వైపు వదిలేసినా రెండు. ఒకటి ఆదిలాబాద్ ఏరోడ్రమ్. నిజాం కాలం నాటిది, 369 ఎకరాలు, వైమానిక దళం చేతిలో ఉంది. రెండోది బసంత్‌నగర్. పెద్దపల్లి, రామగుండం మధ్య, సిమెంట్ ఫ్యాక్టరీ పక్కన. ఈ రెండింటి మధ్య విమాన దూరం ఎంత, ప్రయాణ సమయం ఎంత అని అడిగితే కంప్యూటరు క్షణంలో చెప్పేస్తుంది. దూరం 140 కిలోమీటర్లు. గంటకు 500 కిలోమీటర్ల వేగంతో పోయే ఏటీఆర్ విమానమైతే 17 నిమిషాలు.

ఈ జవాబులో తప్పు లేదు. విమానమే లేదు.

ఉందనుకుందాం. అప్పుడు కూడా 17 నిమిషాల్లో అది దిగదు. ఇంజిను వేడెక్కాలి, రన్‌వే చివరి దాకా పాక్కుంటూ పోవాలి, లేవాలి, ఎక్కాలి. ఏటీఆర్ తన మామూలు ఎత్తుకు చేరడానికే పావుగంట పడుతుంది. ఇక్కడ పావుగంట గడిచేసరికి గోదావరి దాటి బసంత్‌నగర్ వచ్చేస్తుంది. ఎక్కడం పూర్తికాకుండానే దిగడం మొదలుపెట్టాలి. గంటకు 500 అన్న వేగం ఈ దారిలో దానికి ఎప్పుడూ అందదు. అందుకే విమాన సంస్థలు తలుపు మూసినప్పటి నుంచి తలుపు తెరిచేదాకా లెక్కపెడతాయి. ఆ లెక్కన ఈ 140 కిలోమీటర్లకు ముప్పావుగంట వేసుకోవాలి. దానికి ముందు గంట, తర్వాత అరగంట విమానాశ్రయాల్లోనే పోతుంది.

నేల మీద ఇదే ప్రయాణం వేరు. ఆదిలాబాద్ నుంచి గుడిహత్నూర్, ఇంద్రవెల్లి, ఉట్నూరు. అక్కడి నుంచి కవ్వాల్ అడవి అంచున జన్నారం, లక్సెట్టిపేట, మంచిర్యాల. గోదావరి వంతెన దాటితే గోదావరిఖని, ఆ పైన బసంత్‌నగర్. రెండు వందల కిలోమీటర్లకు కాస్త తక్కువ, నాలుగు గంటల పై మాట. విమానం గెలుస్తుంది, కాదనను. కానీ గెలిచేది గంటా రెండు గంటలే. ఆ గంట కోసం రోజుకు డెబ్బై మంది ఆదిలాబాద్ నుంచి బసంత్‌నగర్‌కు టికెట్టు కొంటారా?

కొనరని ప్రభుత్వానికీ తెలుసు. చిన్న ఊళ్లకు విమానాలు నడపడానికి 2016లో ఉడాన్ పథకం తెచ్చినప్పుడు, మామూలు ప్రాంతాల్లో రెండు ఊళ్ల మధ్య కనీసం 200 కిలోమీటర్లు ఉండాలని నియమం పెట్టుకున్నారు. కొండలు, దీవులు, సరిహద్దు ప్రాంతాలకే మినహాయింపు. అంతకంటే దగ్గరి దూరాలకు బస్సూ రైలే దిక్కు.

దీవుల మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. ప్రపంచంలో అతి చిన్న విమాన సర్వీసు స్కాట్లండ్‌లోని ఆర్క్‌నీ దీవుల్లో ఉంది. వెస్ట్రే నుంచి పాపా వెస్ట్రే దాకా 2.7 కిలోమీటర్లు. గాలి కలిసొస్తే రెండు నిమిషాలు కూడా పట్టదు. 1967 నుంచి లోగన్‌ఎయిర్ నడుపుతోంది. బోథ్‌లో బస్టాండు నుంచి పొలానికి నడిచేంత దూరం. అక్కడ అది నిలబడటానికి కారణం వేగం కాదు, నడుమ సముద్రం ఉండటం. మనకూ నడుమ గోదావరి ఉంది. దాని మీద వంతెనలు కూడా ఉన్నాయి.

వచ్చిపోయిన రెక్కలు

బసంత్‌నగర్ మీద విమానాలు ఎగిరిన రోజులు ఒకప్పుడు ఉన్నాయి. 1981లో ఎయిరిండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ కలిసి వాయుదూత్ పెట్టాయి. మొదట ఈశాన్య రాష్ట్రాల కోసం అనుకున్నది, తర్వాత దేశమంతా చిన్న ఊళ్లకు పాకింది. 1980లలో రామగుండం పేరుతో ఈ రన్‌వే కూడా ఆ పట్టికలో ఉండేది. వాయుదూత్ నడిపిన డోర్నియర్‌లో 19 సీట్లు. మన ఊళ్లలో పెళ్లిబృందం ఎక్కే మినీ బస్సు కంటే చిన్నది. బొగ్గు గనులు, ఎన్టీపీసీ, ఎరువుల ఫ్యాక్టరీ, సిమెంటు అన్నీ ఒక్కచోట ఉన్న ప్రాంతం కాబట్టి ఎక్కే అధికారులు ఉండేవారు. అయినా లెక్క కుదరలేదు. అప్పుల్లో మునిగిన వాయుదూత్‌ను 1993లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిపేశారు. రన్‌వే మిగిలింది.

వరంగల్ మామునూరుదీ ఇంచుమించు ఇదే కథ. నిజాం 1930లో వేయించాడు. కాగజ్‌నగర్ కాగితపు మిల్లుకూ వరంగల్ ఆజంజాహీ మిల్లుకూ పనికొస్తుందన్నది ఉద్దేశం. 1981 దాకా వాడి వదిలేశారు. దానికి ఇంకో చిక్కు వచ్చిపడింది. శంషాబాద్ విమానాశ్రయం కట్టేటప్పుడు 2004లో జీఎంఆర్‌తో రాసుకున్న ఒప్పందంలో, 150 కిలోమీటర్ల లోపల ఇంకో విమానాశ్రయం రాకూడదన్న షరతు ఉంది. ఈ 150 రోడ్డు మీదా, గాలిలోనా? గాలిలోనే. వరంగల్ గాలిలో 144 దగ్గర పడుతుంది. ఆరు కిలోమీటర్ల తేడాకు ఏళ్లు గడిచిపోయాయి. చివరికి జీఎంఆర్ అభ్యంతరం లేదన్నాక, 2025 ఫిబ్రవరిలో కేంద్రం అనుమతి ఇచ్చింది.

ఆదిలాబాద్‌కు ఆ బాధ లేదు, 270 కిలోమీటర్ల దూరం దాన్ని కాపాడింది. దాని చిక్కు వేరు. నేల వైమానిక దళానిది. ఆ నేల కోసం జిల్లా నాయకులు ఢిల్లీకి ఎన్నిసార్లు పోయి వచ్చారో లెక్క లేదు. 2025 ఏప్రిల్‌లో రక్షణ శాఖ వైపు నుంచి సరే అన్న మాట వచ్చింది. వైమానిక దళం, పౌర విమానాలు రెండూ ఒకే రన్‌వే వాడుకునే పద్ధతి. ఉన్న ఎకరాలు చాలవు, చుట్టుపక్కల ఊళ్ల భూములు కూడా కావాలి. పరిహారం ముందా, రన్‌వే ముందా అన్న ప్రశ్న ఆ ఊళ్లలో మొదలవుతుంది, మొదలవ్వాలి కూడా. ఇక బసంత్‌నగర్ దగ్గర గుట్టలు అడ్డం కాబట్టి, అధికారుల చూపు దగ్గర్లోని అంతర్గాం వైపు మళ్లింది.

రన్‌వే పొడవు ఎందుకంత కావాలని రైతులు అడుగుతారు. దానికి జవాబు ఆదిలాబాద్ ఎండలో ఉంది. మే నెలలో ఇక్కడ 45 డిగ్రీలు దాటుతుంది. వేడి గాలి పలచబడుతుంది. పలచటి గాలి రెక్కల్ని తక్కువగా లేపుతుంది, ఇంజినుకు బలం తగ్గుతుంది. జనవరి పొద్దున వెయ్యిన్ని మీటర్లలో లేచే విమానానికి మే మధ్యాహ్నం ఇంకా పరుగు కావాలి. లేదంటే కొందరు ప్రయాణికుల్నో కొన్ని పెట్టెల్నో వదిలేసి పోవాలి.

నాందేడ్ మాట

బోథ్‌కు అన్నిటికంటే దగ్గరి పనిచేసే విమానాశ్రయం ఏదని అడిగితే, చాలామంది శంషాబాద్ అంటారు. తెలిసినవాళ్లు నాగపూర్ అంటారు. నిజానికి నాందేడ్. గాలిలో 107 కిలోమీటర్లు, రోడ్డు మీద నూట యాభై దాకా. నాగపూర్ రోడ్డు మీద రెండువందల యాభై, శంషాబాద్ మూడొందలు. రాష్ట్ర సరిహద్దు మన కళ్లకు అడ్డం పడుతుంది గానీ, గాలికి అడ్డం పడదు.

2017 ఏప్రిల్ 27న ఉడాన్ కింద దేశంలో మొట్టమొదటి విమానాలు లేచాయి. ప్రధాని సిమ్లాలో జెండా ఊపారు. ఆ రోజు మొదలైనవాటిలో హైదరాబాద్ నుంచి కడపకు ఒకటి, హైదరాబాద్ నుంచి నాందేడ్‌కు ఇంకొకటి. నడిపింది హైదరాబాద్ సంస్థే, ట్రూజెట్. గంట ప్రయాణానికి 2,500 రూపాయలకు మించకుండా సగం సీట్లు, నష్టం వస్తే ప్రభుత్వం పూడ్చాలి. సచ్‌ఖండ్ గురుద్వారాకు వచ్చే సిక్కు యాత్రికుల వల్ల నాందేడ్ విమానానికి జనం ఉండేవారు. అయినా ట్రూజెట్ అయిదారేళ్లకే రెక్కలు ముడుచుకుంది. సబ్సిడీ మీద బతికే విమానం సబ్సిడీ గడువు తీరేదాకానే బతుకుతుందని ఇది చూశాక నాకు అనిపించింది. ఆదిలాబాద్‌లో కొబ్బరికాయ కొట్టే రోజున ఈ సంగతి ఎవరైనా గుర్తుచేస్తే బాగుండు.

నాగపూర్‌ది ఇంకా పాత సంబంధం. 1949లో దేశంలో రాత్రి ఎయిర్‌మెయిల్ మొదలైంది. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు నుంచి నాలుగు విమానాలు అర్ధరాత్రి నాగపూర్‌లో కలుసుకునేవి. ఉత్తరాల సంచులు మార్చుకుని తెల్లారేసరికి ఎవరి ఊరికి వాళ్లు చేరేవారు. మద్రాసు నుంచి నాగపూర్‌కు గీత గీస్తే అది ఆసిఫాబాద్ నెత్తి మీదుగా పోతుంది. దేశం ఉత్తరాలు మన జిల్లా మీదుగా ఎగిరేవన్నమాట. మన జిల్లా ఉత్తరం మాత్రం ముందు బస్సులో పట్నం పోయి, అక్కడి నుంచి పైకి ఎక్కాల్సిందే.

ఇదే దారిలో ఇంకో మనిషి గుర్తొస్తాడు. భూమి ఎంత వంగి ఉందో కొలవడానికి మద్రాసు నుంచి గొలుసులు పట్టుకుని బయలుదేరిన విలియం లాంబ్టన్. హైదరాబాద్ నుంచి నాగపూర్‌కు పోతూ 1823 జనవరిలో హింగన్‌ఘాట్‌లో కన్నుమూశాడు. ఆదిలాబాద్ దాటి 44వ నంబరు జాతీయ రహదారి పట్టుకుంటే ఇప్పుడది రెండు గంటల ప్రయాణం. అట్లాస్‌లో మనం స్కేలు పెట్టి తీస్తున్న దూరాలకు మూలం అలాంటివాళ్ల కాళ్లే.

పన్నెండుకే బయలుదేరాలి

దూరం గురించి బోథ్‌లో అందరికంటే బాగా తెలిసింది గల్ఫ్‌కు పోయేవాళ్లకు. రాత్రి పదింటికి దుబాయ్ విమానం అనుకోండి. మూడు గంటల ముందు అక్కడుండాలి కాబట్టి ఏడింటికి శంషాబాద్. ఆరు గంటల ప్రయాణం కాబట్టి మధ్యాహ్నం ఒంటిగంటకు ఇల్లు వదలాలి. టైరు పంచరైతే? మేడ్చల్ దగ్గర ట్రాఫిక్ ఆగిపోతే? అందుకని పన్నెండుకే బయలుదేరతారు. కారు మాట్లాడుకుంటారు, అందులో భార్య, పిల్లలు, బావమరిది, మేనమామ. రోల్‌మామడ టోల్‌గేటు దాకా ఎవరూ మాట్లాడరు. నిర్మల్ దాటాక ఎవరో ఒకరు చాయ్ అంటారు. విమానాశ్రయంలో వాళ్లంతా గాజు తలుపు ఇవతలే ఆగిపోతారు. లోపలికి పోయిన మనిషి వెనక్కి తిరిగి చెయ్యి ఊపాడా లేదా అన్నది తిరుగు ప్రయాణం మొత్తానికీ మాట అవుతుంది.

శంషాబాద్ నుంచి దుబాయ్ రెండున్నర వేల కిలోమీటర్లు, నాలుగు గంటలు. ఇంటి నుంచి శంషాబాద్ మూడొందల కిలోమీటర్లు, ఆరు గంటలు. పరాయి దేశం దగ్గరగా ఉంది, సొంత రాజధాని దూరంగా ఉంది.

ఇప్పుడు ఆదిలాబాద్‌లో విమానాశ్రయం వచ్చిందనుకుని, హైదరాబాద్‌లో పనున్న బోథ్ మనిషి లెక్క వేద్దాం. ముందు ఉత్తరంగా యాభై అయిదు కిలోమీటర్లు వెనక్కి, అంటే గంటంబావు. విమానాశ్రయంలో గంట. గాలిలో గంట. దిగి బయటపడటానికి అరగంట. శంషాబాద్ నుంచి నగరంలోకి ఇంకో ముప్పావుగంట. నాలుగున్నర గంటలు తేలింది. కారులో నేరుగా పోతే అయిదు. అరగంట కోసం విమానం టికెట్టు కొనమని నేనైతే ఎవరికీ చెప్పను.

దుబాయ్ పోయే కుర్రాడికి మాత్రం లెక్క మారుతుంది. ఆదిలాబాద్‌లో పెట్టె ఇచ్చేసి, శంషాబాద్‌లో బయటికి రాకుండానే రెండో విమానం ఎక్కొచ్చు. ఇంటివాళ్లు గంట దూరంలోనే చెయ్యి ఊపి సాయంత్రానికి ఇంటికి చేరతారు. నాగపూర్ ఆస్పత్రులకో హైదరాబాద్ ఆస్పత్రులకో పరుగెత్తే రోగికి ఎయిర్ అంబులెన్స్ దిగే చోటు దొరుకుతుంది. కాబట్టి ఆదిలాబాద్ విమానాశ్రయం కావాలనే నేనంటాను. అయితే దాన్ని హైదరాబాద్‌కు అడ్డదారి అనుకుంటే దెబ్బతింటాం. ముంబైకో ఢిల్లీకో కలిపే మెట్టుగా కట్టుకుంటేనే అది నిలుస్తుంది.

దానికంటే ముందు కావలసింది ఇంకొకటి ఉంది. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్‌కు రైలెక్కితే అది మొదట మహారాష్ట్రకు పోతుంది. కిన్వట్, ముద్ఖేడ్ తిరిగి, ధర్మాబాద్, నిజామాబాద్ మీదుగా దిగుతుంది. గాలిలో 270 కిలోమీటర్లు కూడా లేని దూరం పట్టాల మీద నాలుగు వందలు దాటుతుంది. ఆదిలాబాద్ నుంచి నిర్మల్ మీదుగా ఆర్మూర్‌కు లైను వేయమని అడిగి అడిగి ఒక తరం ముసలిదైపోయింది. ఆ లైను పడితే బోథ్ మనిషికి మిగిలే గంటలు ఏ ఏటీఆర్ మిగిల్చేవాటికంటే ఎక్కువ. పైగా అందులో పత్తి బేళ్లూ సోయా సంచులూ కూడా ఎక్కుతాయి.

దూరాన్ని గంటల్లో కొలవని వాళ్లు కూడా ఈ జిల్లాలో ఉన్నారు. పుష్యమాసంలో నాగోబా జాతరకు ముందు, గోండుల్లోని మెస్రం వంశస్థులు గోదావరి నీళ్ల కోసం జన్నారం దగ్గరి హస్తలమడుగుకు కాలినడకన పోతారు. ఊరూరా ఆగుతూ, ఎక్కడ చీకటి పడితే అక్కడ బస చేస్తూ, కలశంతో, జాతర జరిగే కేస్లాపూర్ మర్రిచెట్టు కిందికి తిరిగి వస్తారు. ఇప్పుడు ఆ దారిలో తారురోడ్డు ఉంది, జీపులున్నాయి. అయినా నడుస్తారు. విమానాశ్రయం వచ్చినా నడుస్తారు.

ఈసారి ఢిల్లీ నుంచి హైదరాబాద్ విమానం ఎక్కితే ఎడమవైపు కిటికీ అడగండి. పగటి విమానమై, మబ్బు లేకపోతే, ప్రయాణం చివర్లో ముదురాకుపచ్చ అడవి మడతలు కనిపిస్తాయి. వాటి తర్వాత ఎండకు మెరిసే పెద్ద నీటిపలక వస్తుంది. అది శ్రీరాంసాగర్. అది కనిపించిందంటే బోథ్ దాటి మూడు నిమిషాలైంది.